తిథి చెప్పక వచ్చిన అతిథి

విద్యార్థులారా! ‘అతిథి’ యను మాట మీరందరు ఎరిగినదే. ఇంటికి వచ్చినవారిని అతిథులందుము. కాని ఆ మాటను విడదీసి దాని అర్థమును చూచినవారు మీలో కొలదిమందియే యుందురు. తిథి యనగా దినము. ఏ దినమున వచ్చునో ముందుగా తెలియనివాడు అతిథి యని పెద్దలు చెప్పుదురు. కావున అనుకొనకుండ వచ్చుటయే అతిథికి లక్షణము. ముందుగా వర్తమానమంపి, రైలు దిగు వేళను కూడ తెలియజేసి వచ్చువారిని మనమెంత ఆదరించినను, మాటయొక్క మూలార్థమును బట్టి చూచినచో వారు అతిథులు కారు.

సినిమావారును ఈ మాటను వాడుదురు. ప్రసిద్ధుడైన నటుడొకడు ఇతరులు ముఖ్యపాత్రలు ధరించిన చిత్రములో కొన్ని నిమిషములు మాత్రము కనబడి వెడలిపోయినచో దానిని ‘అతిథి పాత్ర’ యందురు. అయితే ఆ నటుని పేరును గోడపత్రికలపై పెద్ద అక్షరములతో అచ్చువేసి, నెల దినముల ముందునుండి చాటించుటయు కలదు. అట్టివానిని అతిథి యనుట పేరునకు మాత్రమే. ప్రేక్షకుడు ఎదురుచూడని వేళ, ఎదురుచూడని చోట, ఎరిగిన ముఖము తెరపై ప్రత్యక్షమైనప్పుడే ఆ మాట సార్థకమగును. అట్టి యొక ఘట్టమును ఆధారముగా చేసికొని ఈ పాఠమును వ్రాయుచున్నాము.

2024వ సంవత్సరము జూన్ 27వ తేదీన ‘కల్కి 2898 ఏడీ’ యను తెలుగు చిత్రము విడుదలయ్యెను. దీనిని నిర్మించినది సి. అశ్వినీదత్ గారి వైజయంతీ మూవీస్ సంస్థ. దర్శకుడు నాగ్ అశ్విన్. ప్రభాస్, అమితాబ్ బచ్చన్, కమల్ హాసన్, దీపికా పదుకొణె ముఖ్యపాత్రధారులు. ఇది విజ్ఞాన కల్పన కథ. రాబోవు కాలమున లోకమంతయు ఎండిపోయి, కాశీ నగరము ఒక్కటి శిథిలావస్థలో మిగిలియుండును. ఆ నగరముపైన ‘కాంప్లెక్స్’ అను మహాసౌధము నిలిచి, నీటిని, పచ్చదనమును తనలోనే దాచుకొని యుండును. ఆ కాలమున భైరవుడను వేటగాడు, మహాభారత కాలమునుండి బ్రతికియున్న అశ్వత్థామ, గర్భవతియైన ఒక స్త్రీ - వీరిచుట్టు కథ తిరుగును. ఇది మొదటి భాగము మాత్రమే. విడుదలకు ముందే, ఆ యేటి మే నెలాఖరున, ‘బుజ్జి అండ్ భైరవ’ యను రెండు భాగముల బొమ్మల చిత్రము కూడ ఇదే కథాలోకమునుండి వెలువడెను.

చిత్రము ముగియవచ్చు వేళ కథ హఠాత్తుగా కొన్నివేల యేండ్లు వెనుకకు పోయి కురుక్షేత్రమునకు చేరును. రథముపై గాండీవధారియైన అర్జునుడు నిలిచియుండును. ఆ అర్జునుడు విజయ్ దేవరకొండ! ఎదుట కర్ణుడు, కర్ణుని ముఖమును పరికించినచో అది భైరవుని ముఖమే. రాబోవు కాలపు వేటగానికిని భారతకాలపు వీరునికిని గల సంబంధము అప్పుడు ప్రేక్షకునకు తెలియును. ఈ ఘట్టమునకు థియేటర్లలో చప్పట్లు, ఈలలు మ్రోగినవి.

ఆ చిత్రము వచ్చిన కొలది దినములకు మేము తరగతిలో దానిని గూర్చి ముచ్చటించితిమి. “చివరి ఘట్టములో రథముపై వచ్చినదెవరు?” అని అడుగగా, తరగతి యంతయు ఒక్క గొంతుతో ఆ నటుని పేరు చెప్పెను. “సరే, ఆతడు ఏ వేషముతో వచ్చెను?” అని అడిగితిమి. ఈ పర్యాయము లేచిన చేతులను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. ఒక బాలుడు సంశయించుచు, “బాణాలు వేసేవాడండి” అని బదులు చెప్పెను. అందులో తప్పేమియు లేదు. కాని ఆ బదులు మమ్ము ఆలోచింపజేసెను.

మరునాడు ఒక బాలిక మా కడకు వచ్చి, “మా అవ్వ కూడ మాతో సినిమాకు వచ్చిందండి. ఆ నటుడెవరో అవ్వకు తెలియదు. కాని రథాన్ని చూడగానే ‘అడుగో అర్జునుడు! పగ్గాలు పట్టినది కృష్ణస్వామి!’ అని దండం పెట్టింది. మేము అందరం ఈల వేస్తుంటే, ఎందుకురా ఈలలు అని అడిగింది” అని చెప్పెను.

ఒకే ఘట్టమును ఇరువురు చూచిరి. మనుమరాలు నటుని గుర్తించెను; అవ్వ అర్జునుని గుర్తించెను. ఇరువురికిని సంతోషము కలిగినది. కాని ఒకరికి కలిగిన సంతోషము వేరొకరికి తెలియలేదు. అతిథి పాత్ర యనునది రెండు గుర్తింపులు కలిసిననే పండును. ముఖమును గుర్తించుట ఒకటి. ఆ ముఖము ధరించిన వేషమును, ఆ వేషము వెనుకనున్న కథను గుర్తించుట రెండవది. ఈ రెండవదానిని గూర్చియే మేము మీకును, మీ తల్లిదండ్రులకును ముఖ్యముగా చెప్పదలచితిమి. అంతకు ముందు ఈ సంప్రదాయము ఎక్కడినుండి వచ్చినదో కొంత తెలిసికొందము.

ఆంగ్లములో అతిథి పాత్రను ‘కేమియో’ అందురు. ఇది మొదట నాటకమునకు సంబంధించిన మాట కాదు; నగల పనివారి మాట. కొన్ని రాళ్లలోను గవ్వలలోను రెండు రంగుల పొరలుండును. పనివాడు పై పొరను చెక్కి చిన్న ముఖమును ఉబ్బెత్తుగా నిలిపి, దాని చుట్టును క్రింది పొర కనబడునట్లు చేయును. అట్టి చిన్న చెక్కడపు నగ కేమియో. చిన్నదైనను స్పష్టమైనది, చూడగానే ముఖమును గుర్తింపవచ్చును. ఈ పోలికచేత ఆ పేరు చిన్న పాత్రలకు వచ్చినది. 1956లో మైకేల్ టాడ్ అను నిర్మాత, జూల్ వెర్న్ నవలను ఆధారము చేసికొని ‘ఎనుబది దినములలో భూప్రదక్షిణము’ అను అర్థము గల పేరుతో ఆంగ్ల చిత్రమును తీసెను. అందు పదులకొలది ప్రసిద్ధ నటీనటులు క్షణకాలము కనబడుదురు. ఒకచోట వాద్యకారుడొకడు మనవైపు వీపు త్రిప్పి పియానో వాయించుచుండును. ఘట్టము ముగియునప్పుడు ముఖము త్రిప్పును. చూతుము గదా, సుప్రసిద్ధ గాయకుడు ఫ్రాంక్ సినాట్రా! సినిమాలలో కేమియో యను మాట వ్యాపించుటకు ఆ చిత్రము ఎంతయు తోడ్పడెను.

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ అను దర్శకుడు 1927 నాటి ‘ద లాడ్జర్’ మొదలుకొని తన చిత్రములలో ఏదో యొక మూల తానే క్షణకాలము కనబడుచుండెడివాడు. క్రమముగా ప్రేక్షకులు కథను విడిచి ఆయనకొరకు వెదకసాగిరి. అది గ్రహించి ఆయన తరువాతి చిత్రములలో మొదటి నిమిషములలోనే కనబడి తప్పుకొనుట అలవాటు చేసికొనెను. అతిథి ఇంటి పనిని చెడగొట్టరాదను నీతి ఇందు గలదు.

విజ్ఞాన కల్పన చిత్రములలో మరియొక వింత జరిగినది. 1977లో మొదలైన ‘స్టార్ వార్స్’ చిత్రమాలలో 2015లో వెలువడిన భాగమునందు, జేమ్స్ బాండ్ పాత్రధారియైన డేనియల్ క్రెయిగ్ ఒక సాధారణ భటుడుగా నటించెను. తలనుండి పాదముల వరకు తెల్లని కవచము. ముఖము ఏమాత్రము కనబడదు. ఆతని గొంతును బట్టి, పిమ్మట వెలువడిన వార్తలను బట్టి, జనులు ఆతనిని గుర్తించిరి. ముఖము చూపకయే అతిథి కావచ్చునని ఇది తెలుపుచున్నది.

ఇక మన చిత్రమునకు వత్తము. ‘కల్కి’లోని అతిథులు ఒక్కరు కారు. దుల్కర్ సల్మాన్, మృణాల్ ఠాకూర్ కొలది నిమిషములు కనబడుదురు. దర్శకులైన రాజమౌళి, రాంగోపాల్ వర్మ సైతము ముహూర్తకాలము తెరపైకి వచ్చి వెళ్లుదురు. కథారంభమున ఉత్తరగా కనబడునది మాళవికా నాయర్. వీరిలో కొందరు దర్శకుని పాత చిత్రములవారు. నాగ్ అశ్విన్ మొదటి చిత్రమైన ‘ఎవడే సుబ్రమణ్యం’ (2015)లో విజయ్ దేవరకొండయు మాళవికయు నటించిరి. సావిత్రి జీవితమును చెప్పిన ‘మహానటి’ (2018)లో వారిరువురును ఉన్నారు. జెమినీ గణేశన్‌గా దుల్కర్ సల్మాన్ కలడు. కావున ఆ పాత చిత్రములను చూచినవారికి ఈ అతిథులు ఊరక వచ్చిన క్రొత్తవారు కారు; పాత చుట్టములే.

ఈ చిత్రములో శ్రీకృష్ణుని చూపిన తీరు గమనింపదగినది. ఆ వేషము ధరించినది తమిళ నటుడు కృష్ణకుమార్ బాలసుబ్రమణియన్. ఆయన ముఖమును దర్శకుడు నీడలోనే యుంచెను. అర్జునుని ఎరిగిన ముఖముతో చూపి, శ్రీకృష్ణుని ముఖమే చూపకుండుట ఒకే ఘట్టములో రెండు విధానములు. తెలుగు ప్రేక్షకుని మనస్సులో శ్రీకృష్ణునకు ఒక ముఖము ఇదివరకే కలదు. అది నందమూరి తారక రామారావు గారి ముఖము. దానికి బదులు వేరొక ముఖమును నిలుపుట కష్టమని వేరుగ చెప్పనక్కరలేదు.

చిత్రము పేరులోని 2898 అను అంకెను గూర్చి గణితము చదువు విద్యార్థులు ఒక క్షణము ఆలోచింపవలెను. మన సంప్రదాయమున కలియుగము క్రీస్తుపూర్వము 3102లో మొదలైనదని లెక్క. 3102కు 2898 కలిపినచో 6000 అగును. భారతకథ జరిగిన ఆరువేల యేండ్లకు ఈ కథ జరుగుచున్నదని దర్శకుడు చెప్పినది ఈ లెక్కనే. అయితే క్రీస్తుపూర్వము 1 తరువాత వెంటనే క్రీస్తుశకము 1 వచ్చును. నడుమ సున్న సంవత్సరము లేదు. కావున కచ్చితముగా లెక్కించినచో 5999 ఏండ్లే. ఆర్యభటుడు తనకు 23 ఏండ్లు వచ్చునప్పటికి కలియుగమున 3600 ఏండ్లు గడచినవని చెప్పెను. అది క్రీస్తుశకము 499. 3102కు 499 కలిపి, లేని సున్న సంవత్సరమునకై ఒకటి తీసివేసి చూడుడు, 3600 వచ్చును. సినిమా పేరులోని అంకె మిమ్ము ఆర్యభటుని వద్దకు తీసికొనిపోవుట కూడ ఒక అనుకోని రాకయే!

ఇప్పుడు మన చెన్నపట్టణమునకు వత్తము. ఈ కథకు మూలములు ఇచటనే యున్నవనినచో మీకు ఆశ్చర్యము కలుగవచ్చును.

1957లో వడపళనిలోని వాహినీ స్టూడియోలో నిర్మింపబడిన ‘మాయాబజార్’ విడుదలయ్యెను. నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి గార్లు, దర్శకుడు కె.వి. రెడ్డి గారు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. ఆ చిత్రమును తెలుగునను తమిళమునను తీసిరి. తెలుగులో అభిమన్యుడు అక్కినేని నాగేశ్వరరావు గారు. తమిళములో జెమినీ గణేశన్. శ్రీకృష్ణుడు రామారావు గారు, ఘటోత్కచుడు ఎస్.వి. రంగారావు గారు, కథానాయిక సావిత్రి గారు - వీరు రెంటను ఒక్కరే. ఒకే ఆవరణలో, ఒకే కాలమున, రెండు భాషలవారు ఒకే కథను పంచుకొనిరి. పాండవుల బంధువుల కథయే యైనను, ఆ చిత్రములో పాండవులు ఒక్కసారియు తెరపై కనబడరు! అర్జునుడు లేని భారతకథ అది. అరువదియేడు సంవత్సరముల తరువాత అదే భారతమునుండి వచ్చిన మరియొక చిత్రములో అర్జునుడే అనుకోని అతిథియై వచ్చెను.

‘మాయాబజార్’లో ‘ప్రియదర్శిని’ యను పేటిక యొకటి కలదు. దానిని తెరచి చూచువారికి తమకు మిక్కిలి ప్రియమైనది అందు కనబడును. దూరముననున్న అభిమన్యుడు శశిరేఖకు అందులో కనబడును. నేడు మీరు చరవాణిలో దూరపు బంధువుల ముఖములను చూచుచు మాటలాడునప్పుడు ఆ పేటికను తలచుకొనుడు. విజ్ఞాన కల్పనకు మన పౌరాణిక చిత్రములు ఎంత దగ్గరివో తెలియగలదు.

రామారావు గారి శ్రీకృష్ణ వేషము మొదటినుండియు జనులకు నచ్చినదని తలపకుడు. 1956 నాటి ‘సొంతవూరు’ అను చిత్రములో ఆయన కొలది సేపు శ్రీకృష్ణుడుగా కనబడిరి. అదియు ఒక అతిథి పాత్ర వంటిదే. దానిని ప్రేక్షకులు మెచ్చలేదు. అందుచేత ‘మాయాబజార్’లో ఆ వేషము వేయుటకు ఆయన మొదట వెనుకాడిరి. కె.వి. రెడ్డి గారు పట్టు విడువక, వేషధారణయందు మిక్కిలి శ్రద్ధ వహించి, ఆయనను ఒప్పించిరి. తరువాత సంగతి మీ అవ్వతాతలను అడుగుడు. ఆ వేషములోని ఆయన పటమును గోడకు తగిలించి పూజించిన ఇండ్లు ఎన్నియో కలవు. 1964లో వచ్చిన తమిళ చిత్రము ‘కర్ణన్’లో శివాజీ గణేశన్ కర్ణుడు కాగా, శ్రీకృష్ణుడు మరల రామారావు గారే. ఇట్లు ఆ ముఖము తమిళులకును ఎరిగినదయ్యెను.

దీనినుండి తెలియునదేమి? ప్రసిద్ధమైన ముఖమున్నంత మాత్రమున చాలదు. వేషమునకు ముఖము, ముఖమునకు వేషము అమరవలెను. విజయ్ దేవరకొండ అర్జునుడై రాగా చప్పట్లు కొట్టినవారు పెక్కురు. ఆతని వాచికము పౌరాణికమునకు తగినట్లు లేదని పెదవి విరిచినవారును కలరు. ఆ రెండు అభిప్రాయములను విని, చిత్రమును చూచి, మీరే తీర్పు చెప్పుకొనుడు. అయితే తీర్పు చెప్పుటకు పౌరాణిక వాచికమనగా ఏమో ముందు తెలిసియుండవలెను గదా!

‘మాయాబజార్’ తీయు కాలమున కె.వి. రెడ్డి గారి వద్ద సహాయకుడుగా పనిచేసిన యువకుడు సింగీతం శ్రీనివాసరావు గారు. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో 1931లో జన్మించిరి. వీరే తరువాత 1991లో ‘ఆదిత్య 369’ను తీసిరి. హెచ్.జి. వెల్స్ 1895లో వ్రాసిన కాలయంత్రపు కథనుండి ప్రేరణ పొంది, నందమూరి బాలకృష్ణను 1526 నాటి విజయనగరమునకును, 2504 నాటి భవిష్యత్తునకును పంపిరి. శ్రీకృష్ణదేవరాయలుగా నటించినది కూడ బాలకృష్ణయే. 2020లో, తమ 89వ పుట్టిన దినమున, వీరు నాగ్ అశ్విన్ చిత్రమునకు మార్గదర్శకులుగా ప్రకటింపబడిరి. ఆ చిత్రమే ‘కల్కి’. ‘మాయాబజార్’నుండి ‘ఆదిత్య 369’కు, అచటినుండి ‘కల్కి’కి ఒకే దారము సాగినది. ఆ దారము మొదటి ముడి మన వడపళనిలో పడినది.

కమల్ హాసన్ గారి సంగతియు ఇట్టిదే. ఆయన 1960లో ఏవీఎం వారి ‘కళత్తూర్ కణ్ణమ్మ’ అను తమిళ చిత్రములో బాలనటుడుగా మొదటిసారి తెరపైకి వచ్చిరి. అందు ముఖ్యపాత్రలు సావిత్రి, జెమినీ గణేశన్ గార్లవి. పెద్దవారైన పిమ్మట సింగీతం వారి ‘పుష్పకవిమానము’ (1987) వంటి చిత్రములలో నటించిరి. ‘కల్కి’లో ఆయన ‘సుప్రీమ్ యాస్కిన్’ అను ప్రతినాయకుడు. శరీరము శుష్కించి, గొట్టములతో బిగింపబడి, ఎవరో గుర్తింపరానట్లుండును. ఆయన పేరు ముందుగానే ప్రకటించిరి గనుక ఇది అతిథి పాత్ర కాదు. కాని ఈ పాఠమునకు కావలసిన ముఖ్యమైన విషయము ఆయన నోటియందే కలదు.

తెలుగు ప్రతిలో, చిత్రము ముగియు వేళ, ఆ క్రూరుడైన యాస్కిన్ శ్రీశ్రీ కవితాపంక్తులను పలుకును. శ్రీశ్రీ గారు చాల కాలము ఈ పట్టణమున నివసించి సినిమాలకు పాటలు వ్రాసిరి; 1983లో ఇచటనే కీర్తిశేషులైరి. పతితులకొరకు, పీడితులకొరకు ఆయన వ్రాసిన మాటలను, లోకమును పీడించువాడు తన విజయమునకై వాడుకొనుచున్నాడు. ఎంత వింత! ఆ మాటలు ఎవరివో, ఎవరికొరకు వ్రాయబడినవో ఎరిగిన ప్రేక్షకునకు ఒళ్లు జలదరించును. ఎరుగనివానికి అవి గంభీరమైన ధ్వని మాత్రమే.

ఆ చిత్రమునందు నిజముగా తిథి చెప్పక వచ్చిన అతిథి ఎవరని మమ్మడిగినచో, ఆ కవితయే యందుము. నటుని ముఖమును పత్రికలు, చరవాణులు మనకు చూపగలవు. మరునాటికి అందరికి తెలిసిపోవును. కాని కవితను గుర్తించుటకు ఏ వార్తయు చాలదు. అది మనలో ముందే యుండవలెను. ఇంటిలో వినియుండవలెను, లేదా బడిలో చదివియుండవలెను.

మేము తరగతిలో ఈ విషయమును కూడ అడిగితిమి. ఆ మాటలు ఎవరివో చెప్పగలిగినవారు ఒక్కరును లేరు. పిల్లలను నిందింపము. వారిలో పలువురు ఆ చిత్రమును తమిళములో చూచిరి. 2006 నాటి చట్టమును బట్టి ఈ రాష్ట్రమున పిల్లలందరు తమిళమును నేర్చుచున్నారు. అది మంచిదే, మనము నివసించు గడ్డయొక్క భాష మనకు రావలెను, ఆ భాషలోని కవులను కూడ మనము గుర్తింపగలుగవలెను. ‘మాయాబజార్’ రెండు భాషలలోను పుట్టినది. ఒకటి వచ్చుటకు వేరొకటి పోనక్కరలేదు. అయితే మన పిల్లలు బడిలో తెలుగు వినునది కొలది గంటలే. మిగిలినదంతయు ఇంటిలో వినవలెను. ఇంటిలో కూడ వినబడనిచో, రేపు తెరపై తమ భాష అతిథియై వచ్చినను వారు గుర్తింపలేరు. గుర్తింపని ఇంటిలో అతిథి ఎంతసేపు నిలుచును?

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి. మీ పిల్లలను సినిమాకు తీసికొనిపోవలదని మేము చెప్పము. తీసికొనిపొండు. కాని వచ్చునప్పుడు బస్సులోనో, ఇంటికి వచ్చి అన్నము తినునప్పుడో, ఇంటిలోని పెద్దవారిని కూడ చేర్చుకొని ముచ్చటించుడు. అశ్వత్థామ నుదుటి మణి ఎందుకు పోయెను? శ్రీకృష్ణుడు ఆతనిని ఎందుకు శపించెను? తిక్కన గారి సౌప్తికపర్వమున ఆ కథ యున్నది. కర్ణుడు మంచివాడా, చెడ్డవాడా? ఈ ప్రశ్నకు అవ్వ యొక విధముగా, మనుమడు ఇంకొక విధముగా బదులు చెప్పుదురు. చెప్పనిండు. ఆ తగవులోనే భాష బ్రతుకును. పిల్లవాడు నటుని పేరును అవ్వకు నేర్పును. అవ్వ అర్జునుని కథను పిల్లవానికి నేర్పును. పైన చెప్పిన బాలిక ఇంటిలో ఇప్పుడు జరుగుచున్నది అదే. “ఎందుకురా ఈలలు?” అని అడిగిన అవ్వకు ఆ బాలిక నటుని పాత చిత్రములను చూపుచున్నదట, అవ్వ రాత్రివేళ ఆ బాలికకు ఒక్కొక్క పర్వము చెప్పుచున్నదట. ఇప్పటికి విరాటపర్వము వరకు వచ్చినారని ఆ బాలిక మొన్న మాతో చెప్పెను.

‘మాయాబజార్’ నిర్మింపబడిన వాహినీవారి ఆవరణలో నేడు ఆసుపత్రియు, పెద్ద అంగళ్ల సముదాయమును వెలసినవి. మాయాబజారు తీసిన చోట నిజమైన బజారే వచ్చినది. ఆ మెట్లు ఎక్కి పోవువారిలో ఎందరికి ఆ నేల సంగతి తెలియును? తెలిసినవారికి మాత్రము, ఎన్నిమారులు పోయినను, ఆ నేలపై ఎవరో ఎరిగినవారు క్షణకాలము కనబడి మాయమైనట్లుండును. ఆ గుర్తింపు మీకును కలుగవలెనని మా కోరిక.

ప్రశ్నలు

1. ‘అతిథి’ యను పదమునకు మూలార్థమేమి? అతిథి పాత్రకు ఆ అర్థము ఎప్పుడు సరిపడును?

2. క్రీస్తుపూర్వము 3102నుండి ఈ సంవత్సరము వరకు ఎన్ని ఏండ్లు గడచినవో, సున్న సంవత్సరము లేదను సంగతిని గుర్తుంచుకొని లెక్కింపుడు.

3. అర్జునుని ముఖము చూపి, శ్రీకృష్ణుని ముఖము చూపకుండుటకు మీ ఊహలో కారణమేమి? పది పంక్తులలో వ్రాయుడు.

4. మీ ఇంటిలోని పెద్దవారిని అడిగి, వారు చిన్ననాట చూచిన ఒక పౌరాణిక చిత్రమును గూర్చి వారు చెప్పిన మాటలనే తెలుగులో వ్రాసికొని రండు. తరగతిలో చదివింతుము.